గుర్రాల దగ్గర తాళాలమ్మ

నక్షాల గది,
సోమవారం

వదినా,

ముందు మంచి మాట చెప్తాను, నువ్వు తిట్టే మాట తర్వాత.

మన ఆట పుస్తకాన్ని ఒక కంపెనీ అచ్చువేస్తుందట. నిజమైన అచ్చు! రంగుల అట్టపెట్టె, అందులో పాచికలు, మడతపెట్టిన నక్షా. మనం స్టెన్సిళ్ళు కోసి, మోచేతుల దాకా మసి పూసుకుని, సైక్లోస్టైల్ తీసి సూదీదారంతో కుట్టామే, ఆ పుస్తకమే. మనతో ఆడే పళ్ళ డాక్టరు తన దగ్గరికొచ్చేవాళ్ళు చదువుకుంటారని బల్లమీద ఒక కాపీ పెట్టుకుంటే ఎవరో ఎత్తుకుపోయారని గోలగోల చేశాడు చూడు. ఎత్తుకుపోయింది ఆ కంపెనీ ఎడిటరమ్మేనట. పంటినొప్పితో వచ్చి పుస్తకం సంచీలో వేసుకుపోయింది. ఆ మాట నాతో ఏ మాత్రం సిగ్గుపడకుండా చెప్పింది. అప్పుడే నాకు ఆవిడ నచ్చింది.

ఇక తిట్టే మాట. "ఆట బ్రహ్మాండంగా ఉందండీ. నలుగురు బల్ల చుట్టూ కూర్చోవడం, ఒకరు కథ నడపడం, మిగతావాళ్ళు ఆ కథలో మనుషులైపోవడం, వాళ్ళ పని ఫలిస్తుందో లేదో పాచికలు తేల్చడం, అన్నీ బాగున్నాయి. నియమాల మధ్యలో ఈ కబుర్లేమిటి?" అంది. కబుర్లు అన్నది నీ సలహాలని. ఎర్ర పెన్సిల్‌తో గీతలు కొట్టిన కాపీ నా ముందు పెట్టింది. "పాచిక బల్ల కిందికి దొర్లితే వంగి చూసినవాడి మాట నమ్మండి, నమ్మలేకపోతే వాడితో ఆడటమే మానుకోండి." కొట్టేసింది. "ఈ పేజీ మీకు అర్థం కాకపోతే కంగారు పడకండి, రాసినప్పుడు మాకూ సరిగ్గా అర్థం కాలేదు." కొట్టేసింది. "ఆటగాడు అలిగితే బతిమాలకండి, టీ అతని చేతే పెట్టించండి." దీన్ని రెండుసార్లు కొట్టేసింది. నియమాల పుస్తకంలో టీ ఎందుకని పైవాళ్ళు నవ్వుతారట.

నాకు ఒళ్ళు మండింది గానీ ఊరుకున్నాను. నియమాలూ నక్షాలూ నావి, సలహాలు నీవి, నీ మాట లేకుండా నేనేం చెప్పను? ఆవిడ పంపిన ఒప్పందం కాగితం ఇందులో పెడుతున్నాను. ఇద్దరి సంతకాలూ కావాలట. సంతకం పెట్టకు. నాలుగు తిట్లు రాసి పంపు, ఆవిడ ముందు చదివి వినిపిస్తాను.

ఇక్కడ అంతా మామూలే. అన్నయ్య లిఫ్టులు బాగుచేసి వస్తాడు, తింటాడు, గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఆదివారం బల్ల దగ్గర సేనాపతి అవతారం ఎత్తగానే మాత్రం అదే గొంతు, అవే ఉపన్యాసాలు. నువ్వు లేవు కాబట్టి ఆటలో నీ పాత్ర తాళాలమ్మని గుర్రాల దగ్గర కాపలా పెట్టాను. మేమంతా కోట లోపలికి వెళ్ళాం, తాళం పడిన తలుపు అడుగడుక్కీ తగులుతోంది, తీసేవాళ్ళు లేక పళ్ళ డాక్టరు భుజంతో గుద్దుతున్నాడు. ఆ ఊళ్ళో మీ కళ్ళద్దాల కొత్త దుకాణం నిలదొక్కుకోగానే వచ్చేస్తానన్నావు. ఇంకా నిలబడలేదా అది? ఎప్పుడొస్తావు?

నీ మరదలు

*

కళ్ళద్దాల దుకాణం, పై గది,
శుక్రవారం

స్కేలుపుల్లకి,

ఉత్తరం అందింది. సంతోషం. కంపెనీవాళ్ళు ఎలా చెప్తే అలా చెయ్యి. ఆ కబుర్లన్నీ తీసేయమను. సంతకం పెట్టి పంపుతున్నాను.

ఇంతటితో ఆపేస్తే నువ్వు మర్నాడే రైలెక్కి వస్తావని తెలుసు, అందుకని మిగతాది కూడా రాస్తున్నాను. దుకాణం ఎప్పుడో నిలదొక్కుకుంది. నేనే తిరిగి రావడం లేదు. బయల్దేరే ముందే మీ అన్నయ్యకి చెప్పాను. "సరే" అన్నారు. నీకు చెప్పే ఉంటారనుకున్నాను. ఎప్పుడొస్తావన్న నీ మాట చూశాక, నీకు చెప్పలేదని తెలిసింది. తెలిసి ఆశ్చర్యం కూడా కలగలేదు.

నలుగురిని ఒక బల్ల దగ్గర ఎలా కూర్చోబెట్టాలో, అలిగినవాళ్ళని ఎలా దారికి తెచ్చుకోవాలో పుస్తకంలో పేజీలకి పేజీలు రాశాను. ఇంట్లో ఒక్క మనిషితో కూర్చోలేక పెట్టె సర్దుకుని వచ్చేశాను. ఆ సలహాలు ఇప్పుడు చదివితే సిగ్గేస్తోంది. ఎడిటరమ్మ కొట్టేసి నా పరువు కాపాడింది, ఆవిడకి దణ్ణం పెట్టానని చెప్పు.

ఇంకో మాట. నువ్విక నన్ను వదినా అని పిలవకు. రేపో మాపో కాగితాల మీద తెగిపోతుంది. ఆ రోజు ఒక్కసారిగా మానాలంటే ఇద్దరికీ కష్టం, ఇప్పటినుంచే అలవాటు తప్పితే మంచిది. పుస్తకం అట్ట మీద పేర్లు వేసుకోకుండా "కూర్చినవారు: వదినా మరదళ్ళు" అని గొప్పగా వేసుకున్నాం కదా, అది కూడా మార్చమను. "ఇద్దరు మిత్రులు" అంటే చాలు.

ఈ పై గదిలో కిటికీ రోడ్డు మీదికి ఉంది. కింద బళ్ళ మోతకి ఒక చోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. వేరే గది చూసుకోవాలి.

నీ స్నేహితురాలు

*

నక్షాల గది,
బుధవారం

వదినా, వదినా, వదినా,

పిలిచాను. ఏం చేస్తావో చెయ్యి.

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. పెద్ద చెరువు ఒకదాని హద్దు గీస్తున్నాను, గీత తప్పి చెరువు పక్కవాళ్ళ పొలంలోకి వెళ్ళిపోయింది. ఆ నక్షా అంతా మళ్ళీ గీయాల్సొచ్చింది. సాయంత్రం దాకా నిలబడ్డాను, కూర్చున్నాను, మంచినీళ్ళ కుండ దాకా వెళ్ళి నీళ్ళు తాగకుండా తిరిగొచ్చాను. మా పెద్ద గుమాస్తా "ఒంట్లో బాలేదా అమ్మా?" అని అడిగాడు. బాలేదన్నాను.

ఇంటికెళ్ళేసరికి అన్నయ్య మెట్ల మీద కూర్చుని బూట్ల గ్రీజు తుడుచుకుంటున్నాడు.

"వదిన ఇక రాదటగా?"

"ఊఁ."

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"వెళ్ళేటప్పుడు చెప్పింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వడగలేదుగా."

చేతిలో స్కేలు ఉంటే విరగ్గొట్టేదాన్ని. "ఇదా మనిషి మాట్లాడే తీరు?" అని అరిచాను. రెండో బూటు తీసి తుడవడం మొదలుపెట్టాడు. నీ మీద కోపంతో వెళ్ళినదాన్ని, అక్కణ్ణించి నీ తరఫున ఏడుస్తూ లేచాను.

మీ ఇద్దరి సంగతిలో నేను వేలు పెట్టను. ఉండాలో ఊడాలో మీరే తేల్చుకోండి. కానీ నాకు ఒక్క మాటకి జవాబు కావాలి. అన్నయ్యతో నీకు తెగితే నాతో కూడా తెగినట్టేనా? నా ప్రమేయం లేకుండా నా వదినని నా దగ్గర్నించి పట్టుకుపోతారా మీరిద్దరూ?

నీ సంతకం కాగితం సొరుగులో అడుగున పడేశాను. పుస్తకం విషయంలో నాకో ఉపాయం తట్టింది. ఎడిటరమ్మకి కబుర్లు వద్దు, నియమాలు కావాలి. అయితే నీ సలహాలన్నిటినీ నియమాలుగా మార్చేస్తాను. పాచికలతో, పట్టికలతో. "అలక" అని ఒక పట్టిక గీశాను, ఎంత అందంగా వచ్చిందో! ఆటగాడు అలిగితే పాచిక వేయాలి. చిన్న అంకె వస్తే టీ పెట్టాలి. పెద్ద అంకె వస్తే మిగతావాళ్ళు వాడికి ఒక వరం ఇచ్చి బుజ్జగించాలి. కొత్తవాళ్ళకి చుట్టరికం కలపాలన్న నీ సలహాకి కూడా పట్టిక వేశాను: పాచిక ఎంత పడితే ఆ వరస. ఇక దేన్ని కొట్టేస్తుందో చూస్తాను.

నీ మరదలు (నా ఇష్టం)

*

వేరే గది, రొట్టెల బట్టీ వెనక,
ఆదివారం

స్కేలుపుల్లకి,

అలకకి పాచికలా! దుకాణంలో ఒకాయన ఒక కన్ను మూసుకుని అట్ట మీద అక్షరాలు చదువుతుంటే నాకు నీ పట్టిక గుర్తొచ్చి ఫక్కున నవ్వాను. తప్పు చదివాననుకుని పాపం ఆయన మళ్ళీ మొదట్నించి చదివాడు. అది పని చెయ్యదే పిచ్చిదానా. అలిగిన మనిషికి ఏం కావాలో అంకె చెప్పదు. మొహం చూడాలి. అంతకంటే నేనేం చెప్పను, నువ్వే ఆడించి చూసుకో.

నువ్వడిగినదానికి జవాబు రాయాలని నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ముందు ఎందుకు వచ్చేశానో చెప్తే, జవాబు దానంతటదే వస్తుందేమో.

మీ అన్నయ్య నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఎవరైనా అడిగితే ఫలానా తప్పని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నేను పెళ్ళి చేసుకున్నది సేనాపతిని. గుర్తుందా, వంతెన కూలిపోయిన ఆట? అందరం వెనక్కి పోదామంటే ఆయన కుర్చీలోంచి లేచి, "అవతల ఒడ్డున మనల్ని నమ్మి కూర్చున్నవాళ్ళున్నారు" అని మొదలుపెట్టి, పళ్ళ డాక్టరు కళ్ళు తుడుచుకునేదాకా మాట్లాడారు. ఆ మనిషితో బతుకంతా ఉండొచ్చు అనుకున్నాను. బల్ల దగ్గర్నించి లేచాక ఆయన నోరు విప్పరు. ఉప్పు ఎక్కువైందా అంటే "ఊఁ." తక్కువైందా అంటే అదీ "ఊఁ." నాకు జ్వరమొస్తే మందు తెచ్చి బల్లమీద పెట్టి వెళ్ళారు. ఎలా ఉందని అడగలేదు. చెడ్డవాడై కాదు. వేషం లేకుండా ఆయనకి మాట రాదు. ఆదివారం కోసం వారమంతా ఎదురుచూడటం, ఆదివారం కూడా ఆయన తాళాలమ్మతో మాట్లాడుతుంటే నేను పక్కన కూర్చుని వినడం. ఆఖరికి తాళాలమ్మ మీద నాకే కుళ్ళు పుట్టింది. ఇంకొన్నాళ్ళుంటే పిచ్చెక్కేది.

అందుకే వద్దంటున్నాను. నువ్వు వదినా అన్న ప్రతిసారీ నాకు ఆ ఇల్లు, ఆ బల్ల, ఆ "ఊఁ" అన్నీ ఒక్కసారి మీద పడతాయి. నువ్వంటే ఇష్టం లేక కాదు. ఆ పిలుపు ఆయన వల్ల వచ్చింది, ఆయనతోనే పోవాలి.

ఈ గదిలో గోడలు ఎప్పుడూ వేడిగా ఉంటాయి. ఇక్కడ కూడా ఎక్కువ రోజులు ఉండలేననుకుంటాను.

నీ స్నేహితురాలు

*

నక్షాల గది,
శనివారం

వదినా,

నువ్వు గెలిచావు. ఎలా గెలిచావో చెప్తాను, నవ్వకు.

కంపెనీలో పొడుగాటి బల్ల ఉన్న గదిలో ఆట పెట్టారు. ఎడిటరమ్మ, వాళ్ళ లెక్కల గుమాస్తా, బొమ్మలేసే అమ్మాయి, మేనేజరుగారు. కథ నడిపింది నేను. ముందు చుట్టరికాల పట్టిక తీశాను. పాచిక పడ్డ ప్రకారం బొమ్మలేసే అమ్మాయి మేనేజరుకి అత్తగారైంది. మేనేజరు లెక్కల గుమాస్తాకి అల్లుడయ్యాడు. అంటే గుమాస్తా, ఆ అమ్మాయి మొగుడూ పెళ్ళాలయ్యారన్నమాట. ఆ అమ్మాయికి వచ్చే నెల పెళ్ళి, వేరే అబ్బాయితో. మొహం ఎర్రగా చేసుకుని కూర్చుంది. గుమాస్తా నేల చూపులు చూస్తున్నాడు.

సరే అని కథ మొదలుపెట్టాను. చీకటి గుహ, లోపల చప్పుడు. "ఏం చేస్తారు?" అన్నాను. గుమాస్తా పుస్తకం తిరగేసి తాపీగా, "నేను అలుగుతున్నాను" అన్నాడు. పెద్ద అంకె పడింది, వరం వచ్చింది. అది చూసి మేనేజరు కూడా, "అయితే నేనూ అలుగుతాను" అన్నాడు. ఇక చూడు, గుహలోకి ఒక్కడు కదిలితే ఒట్టు. వంతులవారీగా అలకలు, వరాలు! గుహ బయట కూర్చునే అందరూ మహావీరులైపోయారు. మేనేజరుకి ఒకసారి చిన్న అంకె పడి టీ పెట్టాల్సొచ్చింది. "ఆఫీసులో నేను టీ పెట్టడమేమిటి?" అని ఆయన నిజంగానే అలిగాడు. నిజం అలకకి వరం ఉందా లేదా అని గుమాస్తా నన్ను అడిగాడు. నా పట్టికలో దానికి జవాబు లేదు.

అందరూ వెళ్ళాక ఎడిటరమ్మ చాలాసేపు పెన్సిల్ నమిలింది. "మొదటి పుస్తకం చదివినప్పుడు పక్కన ఎవరో కూర్చుని చెప్తున్నట్టుండేది. ఇప్పుడు ఎవరూ లేరు" అంది. ఇంటికొచ్చి పేజీలన్నీ మళ్ళీ తిరగేశాను వదినా. పట్టికలన్నీ నేనే గీశాను. ఒక్క గీత వంకర లేదు. అయినా నువ్వు లేవు అందులో.

ఆవిడ దిగొచ్చింది. సలహాలు ఉంచుతానంటోంది. అయితే పైవాళ్ళని ఒప్పించాలంటే ఆ రాసినావిడే వచ్చి, ఈ నలుగురితోనే, అదే గుహలోకి ఒక్కసారి ఆడించి చూపించాలట. నాలుగు వారాలు గడువు. తర్వాత పెట్టె వేరే ఆటకి ఇచ్చేస్తారు.

నువ్వు ఇంటికి రానక్కర్లేదు. కంపెనీకి వస్తే చాలు. వస్తావా?

నీ మరదలు

*

రైలు పట్టాల పక్కన గది,
మంగళవారం

రాలేను.

ఇక్కడా ఉండబోవడం లేదు. మా దుకాణంవాళ్ళు ఇంకో ఊళ్ళో దుకాణం తెరుస్తున్నారు, అక్కడికి నన్ను పంపమని అడిగాను. పెట్టె విప్పను కూడా లేదు. మీ అన్నయ్య సంతకం పెట్టిన విడాకుల కాగితాలు నిన్న వచ్చాయి. నా సంతకం ఒక్కటే మిగిలింది. మడిచి దిండు కింద పెట్టుకున్నాను, తీసి బల్లమీద పెట్టాను, మళ్ళీ దిండు కింద పెట్టాను.

గుహ ముందు అలిగి కూర్చున్నవాళ్ళ కథ చదివి నవ్వాను. తర్వాత ఏడుపొచ్చింది. నన్నిలా రెండూ చేయిస్తున్నావు, అది నాకు మంచిది కాదు.

నాకో సాయం చెయ్యి. ఈ ఆదివారం తాళాలమ్మని చంపెయ్. గుర్రాలకి నీళ్ళు పెట్టడానికి వెళ్ళి లోయలో జారిపడిందని చెప్పు, ఏదో ఒకటి చెప్పు. ఎక్కడో ఒక బల్ల మీద నా మనిషి ఇంకా ఎవరికోసమో ఎదురుచూస్తూ కూర్చుని ఉందనుకుంటే నాకు ఏ గదిలోనూ కాలు నిలవడం లేదు. అది చనిపోయిందని రాయి, నేను కాగితం మీద సంతకం పెట్టేసి కుదురుగా ఉంటాను.

అట్ట మీద ఇద్దరు మిత్రులని వెయ్యి.

*

మా వాటా,
సోమవారం

వదినా,

చెప్పినట్టే చెయ్యాలనుకున్నాను. నిజంగా. ఆదివారం బల్ల దగ్గర కూర్చోగానే పళ్ళ డాక్టరు ఎప్పటిలాగే నీ కుర్చీ మీద తన సంచీ పెట్టబోయి, అది నీదని గుర్తొచ్చి, నేల మీద పెట్టుకున్నాడు. అన్నయ్య పాచికలు వరసగా పేరుస్తున్నాడు. నేను గొంతు సవరించుకుని, "కోట బయట పెద్ద కేక వినిపించింది. గుర్రాల దగ్గర తాళాలమ్మ..." అన్నాను. అక్కడ ఆగిపోయాను.

"తాళాలమ్మకి ఏమైంది?" అన్నాడు డాక్టరు.

"లోయలో జారిపడింది" అన్నాను.

"పడదు" అన్నాడు అన్నయ్య.

సేనాపతి గొంతు కాదు. మెట్ల మీద బూట్లు తుడుచుకునే గొంతు. అది ఆటలో మాట కాదని నాకు అర్థమైపోయి, "వదినే చంపమంది అన్నయ్యా. నన్ను వదినా అని కూడా పిలవొద్దంది. నీతో తెగిపోతే నాతోనూ తెగిపోయినట్టేనట" అని చెప్పేశాను. పళ్ళ డాక్టరు లేచి, టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళిపోయాడు. నీ సలహా ఆయనకి బాగా వంటబట్టింది.

అన్నయ్య పేర్చిన పాచికలన్నీ చెదరగొట్టి మళ్ళీ పేర్చాడు. తర్వాత ఒక్కో మాటా ఏరి తీసుకుంటున్నట్టుగా అన్నాడు: "నేను వచ్చేసరికే మీరిద్దరూ వదినా మరదళ్ళు. నేను మధ్యలో వచ్చాను. ఆ వరస నేను కలిపింది కాదు. నేను పోతే అది పోదు." అని ఆగి, "నాకు చేతకాలేదు. దానికి నువ్వేం చేశావు" అన్నాడు. లేచి వెళ్ళి డాక్టరు చేతిలోంచి గిన్నె తీసుకుని తనే టీ పెట్టాడు.

అన్నయ్య చెప్పింది నిజం వదినా. ఇన్ని ఉత్తరాల్లో నీతో వాదించాను గానీ ఆ సంగతి నాకే తట్టలేదు. గుర్తు తెచ్చుకో. సన్నగీతలు గీసి గీసి తలనొప్పి వచ్చి మీ దుకాణానికి వచ్చాను. అద్దాలు మార్చి మార్చి "ఇది బాగుందా? అది బాగుందా?" అని అడిగి అడిగి, చివరికి "మీ కళ్ళు నిక్షేపంగా ఉన్నాయండీ, మీకు కావలసింది సాయంత్రంపూట నలుగురు మనుషులు" అన్నావు. ఆ ఆదివారమే నిన్ను బల్ల దగ్గరికి లాక్కొచ్చాను. అప్పటికి అన్నయ్యకి ఈ ఊళ్ళో ఉద్యోగం కూడా లేదు. నువ్వు చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, నోరు మెదపకుండా కూర్చున్నావు. ఏం చెయ్యాలో తోచక నేనన్నాను, "నువ్వు మా ఇంటి కోడలివి. మా అన్న యుద్ధానికెళ్ళాడు. ఇంటి తాళాలన్నీ నీ దగ్గరున్నాయి. నేనిప్పుడే తలుపు తట్టాను." నువ్వు వెంటనే నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఏం మరదలా, ఇప్పుడా ఇంటికి రావడం?" అని నన్ను గుమ్మంలోనే నిలబెట్టి కడిగేశావు. ఆ రోజు నుంచి నువ్వు తాళాలమ్మవి, నాకు వదినవి. ఆ యుద్ధానికెళ్ళిన అన్న ఆటలోకి ఎప్పుడూ రాలేదు. మనకి అవసరం కూడా పడలేదు.

ఆ ఆటే తలుచుకుని తర్వాత పుస్తకంలో రాశావు: "కొత్తవాళ్ళు వస్తే ముందు ఎవరికో ఒకరికి చుట్టాన్ని చెయ్యండి. పాచికలు తర్వాత." నేను దాన్ని పట్టికగా మార్చి పాడుచేశాను, నువ్వు అది అన్నయ్య ఇచ్చిందనుకుని పారేస్తున్నావు. ఇద్దరం ఇద్దరమే.

నీ రాత మరొకటి కూడా ఉంది, ఎడిటరమ్మ పెన్సిల్‌కి దొరక్కుండా పేజీ అడుగున: "ఎవరైనా రాకపోతే వాళ్ళ పాత్రని చంపకండి. గుర్రాల దగ్గర కాపలా ఉందనుకోండి. గుర్రాలకి ఎప్పుడూ ఒకరు కావాలి." కాబట్టి తాళాలమ్మని నేను చంపను. నియమం నువ్వే పెట్టావు. కేక వేసింది గుర్రం అని చెప్పి ఆట ముందుకి నడిపాను.

కాగితం మీద సంతకం పెట్టెయ్. దాని గురించి నేనేమీ అనను, అన్నయ్యా అనడు. ఇంకో ఊరికి వెళ్ళాలనుంటే వెళ్ళు. ఒక్కటే అడుగుతున్నాను, ఆ పిలుపు మాత్రం దానితో కలిపి పంపేయకు. అది ఆయన సొమ్ము కాదు.

నీ మరదలు

*

దుకాణం, కళ్ళు పరీక్షించే గది,
గురువారం

మరదలా,

ఈ ఉత్తరం అక్షరాల అట్ట ఎదురుగా కూర్చుని రాస్తున్నాను. బేరాలు లేవు. పై నుంచి కింది దాకా అన్ని వరసలూ కనిపిస్తున్నాయి, నాకు కళ్ళు బాగానే ఉన్నాయి. ఇంత దగ్గరగా ఉన్నదే కనిపించలేదు.

మీ అన్నయ్య అంతసేపు వేషం లేకుండా మాట్లాడారంటే నమ్మబుద్ధి కాలేదు. మూడుసార్లు చదివాను. ఆ మాటలు నాతో ఎప్పుడైనా అని ఉంటే, అని ఒక నిమిషం అనుకున్నాను. తర్వాత అనుకోవడం మానేశాను. ఆయన మాట్లాడింది నీకోసం, నాకోసం. మా కాపురం కోసం కాదు. కాగితం మీద సంతకం పెట్టేశాను. పోస్టు డబ్బాలో వేసి వచ్చి, పెట్టె విప్పి బట్టలు అలమరలో సర్దుకున్నాను. ఇంకో ఊరికి వేరే ఎవరినైనా పంపమని మావాళ్ళకి చెప్పాను.

గుహ ముందు కూర్చున్న నీ నలుగురి గురించి ఆలోచిస్తున్నాను. ఆ లెక్కల గుమాస్తాకి వరాల పిచ్చి లేదు, గుహలోకి వెళ్ళడానికి భయం. వాడికి దీపం ఇచ్చి ముందు నడవమనాలి. మేనేజరుకి టీ పెట్టడం రాదేమో, ఆ సంగతి బయటపడకుండా ఆయనకి గుర్రాలు అప్పజెప్పాలి. బొమ్మలేసే అమ్మాయిని ఎవరికీ పెళ్ళాన్ని చెయ్యొద్దు, ఎడిటరమ్మకి చెల్లెల్ని చెయ్యి. పుస్తకం ఎత్తుకొచ్చిన అక్క, ఆ సంగతి తెలిసిన చెల్లెలు. ఇక వాళ్ళిద్దరూ ఊరుకోరు, మాట్లాడతారు.

కింద ఒక సలహా రాస్తున్నాను. గుర్రాల మాట ఉన్న చోట, దాని కింద వెయ్యి. ఎడిటరమ్మ కొట్టేస్తే పంటినొప్పి తిరగబెడుతుందని చెప్పు.

"ఎవరైనా బల్ల వదిలి వెళ్ళిపోతే ఎందుకు వెళ్ళారని తవ్వకండి. వాళ్ళు ఎవరికి ఏమవుతారో, అది మాత్రం మార్చకండి. ఆట మధ్యలో అప్పుడప్పుడు ఎవరో ఒకరు గుర్రాలు ఎలా ఉన్నాయని అడుగుతూ ఉండండి."

అట్ట మీద ఉన్నది ఉన్నట్టే ఉంచు. వచ్చే శనివారం పొద్దుటి రైలుకి వస్తున్నాను. స్టేషనుకి నువ్వు ఒక్కదానివే రా. కంపెనీలో ఆట అయ్యాక మర్నాడు ఆదివారం మీ బల్ల దగ్గరికి వస్తానో రానో ఇప్పుడే చెప్పలేను. సేనాపతితో తాళాలమ్మకి గొడవేమీ లేదు గానీ, చూద్దాం. డాక్టరుగారి సంచీ మాత్రం నేల మీదే ఉండనీ.

గుర్రాలు ఎలా ఉన్నాయి?

వదిన